తమ్ముడి నల్లగుడ్డు మీద పుండు: కాంటాక్టు లెన్సుల వల్ల ఇంతవరకు వస్తుందా?

సీతమ్మధార అక్క:

అందరికీ నమస్కారం. మా తమ్ముడికి 25 ఏళ్లు. విశాఖపట్నంలో మధురవాడ వైపు ఐటీ కొండ మీద ఒక కంపెనీలో రాత్రి షిఫ్టు చేస్తూ, దగ్గరలోనే ముగ్గురు స్నేహితులతో కలిసి గది తీసుకొని ఉంటున్నాడు. రెండు కళ్లకూ మైనస్ ఐదు పవరు ఉంది. తొమ్మిదో తరగతి నుంచి కళ్లద్దాలే పెట్టుకున్నవాడు, రెండేళ్ల క్రితం పెళ్లి సంబంధాలు చూడడం మొదలుపెట్టినప్పుడు, సోడాబుడ్డి అద్దాలతో ఫొటో ఏం బాగుంటుందని మా మేనత్త అన్న ఒక్క మాటకు వాటిని పక్కన పెట్టి, నెలకొక జత మార్చే మెత్తటి కాంటాక్టు లెన్సులకు మారాడు. అప్పటి నుంచి ఏ ఇబ్బందీ రాకపోవడంతో, లెన్సులు కంట్లో ఉన్న సంగతే మరిచిపోయేంతగా అలవాటు పడ్డాడు. షిఫ్టు ముగించుకొని తెల్లవారుజామున గదికి చేరినప్పుడు, వారంలో రెండు మూడు సార్లు వాటిని తీయకుండానే నిద్రపోయేవాడని మాకు ఇప్పుడే తెలిసింది.

ఎనిమిది రోజుల క్రితం, ఆదివారం నాడు, స్నేహితులతో రుషికొండకు వెళ్లి లెన్సులతోనే సముద్రంలో స్నానం చేశాడు. గదికి వచ్చాక కుడి కంట్లో గరగరలాడుతోందని ఆ లెన్సు తీసి, వాష్‌బేసిన్ కుళాయి కింద కడిగి మళ్లీ పెట్టుకొని అలాగే పడుకున్నాడు. మంగళవారానికి కన్ను ఎర్రబడింది. ఆఫీసులో అప్పటికే ఇద్దరికి కళ్లకలక ఉండడంతో ఇదీ అదేననుకున్నారు. అమ్మ ఫోనులో నందివర్ధనం పూలు కంటిమీద వేసుకోమని చెప్పింది. గదికింద మందుల షాపులో చీటీ అడగకుండానే ఒక చుక్కల మందు ఇచ్చారు. అది వేసుకున్నాక ఎరుపు బాగా తగ్గిందని, హాయిగా ఉందని గురువారం నాతో ఫోనులో చెప్పాడు. శుక్రవారం తెల్లవారేసరికి కన్ను తెరవలేకపోయాడు. ట్యూబ్‌లైటు వెలుతురు సైతం భరించలేక తలమీద తువ్వాలు కప్పుకొని కూర్చున్నాడు. నేను వెళ్లి రెప్ప ఎత్తి చూస్తే, నల్లగుడ్డు మీద మినపబద్దలో సగమంత తెల్లటి మచ్చ, దాని చుట్టూ పచ్చగా అంటుకున్న పుసి కనిపించాయి.

ఆసుపత్రిలో కార్నియా మీద పుండు అని చెప్పి అదే రోజు చేర్చుకున్నారు. పుండును సన్నని పరికరంతో గీకి నమూనా తీశారు. రెండు రకాల చుక్కలు గంటకొకసారి, రాత్రిళ్లు కూడా నిద్రలేపి వేస్తున్నారు. సూడోమోనాస్ అనే బాక్టీరియా పెరిగిందని ఈ ఉదయం చెప్పారు. బాక్టీరియా అని తేలిన తరువాత కూడా, అమీబా కోసం వేసిన పరీక్ష ఇంకా నడుస్తోందని, దానికి వారం పైన పట్టవచ్చని అంటున్నారు. రెండేళ్లు ఏమీ చేయని లెన్సు నాలుగు రోజుల్లో ఇంత పని చేస్తుందా? మందు వేసుకున్నాక తగ్గినట్లే తగ్గి ఎందుకు తిరగబెట్టింది? అమీబా మాట ఎందుకు వస్తోంది? చూపు మళ్లీ వస్తుందా అని అమ్మ అడిగినప్పుడల్లా ఏం చెప్పాలో తెలియడం లేదు. తెలిసినవారు వివరించగలరని ఆశిస్తున్నాను.

కార్నియా విభాగం వైద్యురాలు:

మీ తమ్ముడి కంటిని నేను పరీక్షించలేదు కాబట్టి చికిత్సపై వ్యాఖ్యానించను. మీరు రాసినదాన్ని బట్టి వారు చేస్తున్నది సరైన దారిలోనే ఉంది. మీ ప్రశ్నల్లో నేను చెప్పగలిగిన వాటికి సమాధానం రాస్తాను.

నల్లగుడ్డు మీద గడియారపు అద్దంలా అమరి ఉండే పారదర్శకమైన పొరనే కార్నియా అంటారు. బడి పుస్తకాల్లో శుక్లపటలం అని చదువుకున్నది ఇదే. మధ్యలో దాని మందం అర మిల్లీమీటరుకు కొంచెం ఎక్కువ, అంతే. వెలుతురు అడ్డం లేకుండా లోపలికి పోవాలి కాబట్టి దానిలో రక్తనాళాలు ఉండవు. తనకు కావలసిన ప్రాణవాయువును అది కన్నీటి పొర ద్వారా నేరుగా గాలి నుంచే తీసుకుంటుంది. మనం కళ్లు మూసుకొని నిద్రపోయినప్పుడు ఆ సరఫరా మెలకువలో ఉన్నదానిలో మూడో వంతుకు పడిపోతుంది. ఆరోగ్యంగా ఉన్న కన్ను ఆ మాత్రానికి తట్టుకుంటుంది. మూసిన రెప్పకు, కార్నియాకు మధ్య ఒక లెన్సు కూడా ఉంటే, పైపొర కణాలు నీరసించి, కంటికి కనిపించని సన్నని గీతలు పడతాయి. రెప్పపాటుతో కన్నీళ్లు కంటిని కడిగే పని కూడా నిద్రలో జరగదు. దాంతో లెన్సు వెనక ఉన్నది అక్కడే నిలిచిపోతుంది.

ఆ నిలిచిపోయే దానిలో ఏమున్నదనేదే అసలు విషయం. సూడోమోనాస్ నీటి చెమ్మ ఉన్నచోటల్లా బతికే బాక్టీరియా. సింకు గొట్టాలలో, తడి ఆరని లెన్సు డబ్బీలో, కుళాయి మూతి దగ్గర పేరుకునే జిగటలో అది ఉంటుంది. పైపొర చెక్కుచెదరకుండా ఉన్న కార్నియాలోకి అది అంత సులభంగా చొరబడలేదు. గీత పడిన చోట అంటుకున్నదంటే మాత్రం, అది విడుదల చేసే రసాయనాలు కార్నియాలోని దారాల వంటి మాంసకృత్తును కరిగించేస్తాయి. ఒకటి రెండు రోజుల్లోనే కార్నియా కరిగి చిల్లు పడిన కళ్లను మేము చూశాము. అందుకే రెండేళ్లు ఏమీ కాకపోవడం, నాలుగు రోజుల్లో ఇంత కావడం, ఈ రెండిటిలోనూ వింత లేదు. రెండేళ్లపాటు గీత పడిన రోజున క్రిమి లేదు, క్రిమి ఉన్న రోజున గీత లేదు. ఆ ఆదివారం రెండూ ఒకేచోట కలిశాయి.

మందుల షాపులో ఇచ్చిన సీసాను పారేయకుండా వైద్యులకు చూపించండి. ఇలా ఇచ్చే చుక్కల్లో చాలాసార్లు ఒక యాంటీబయాటిక్, ఒక స్టెరాయిడు కలిసి ఉంటాయి. స్టెరాయిడు ఉన్న కంటి మందును వైద్యుని చీటీ లేకుండా అమ్మకూడదు, కానీ అమ్ముతున్నారు. కంటి ఎరుపు అనేది క్రిమితో శరీరం చేస్తున్న పోరాటపు ఆనవాలు. స్టెరాయిడు ఆ పోరాటాన్ని ఆపుతుంది, క్రిమిని ఆపదు. రోగికి హాయిగా ఉంటుంది, అద్దంలో చూసుకుంటే కన్ను తెల్లగా కనిపిస్తుంది, లోపల పుండు మాత్రం నిరాటంకంగా లోతుకు దిగుతుంది. ‘తగ్గినట్లే తగ్గి తిరగబెట్టింది’ అని మీరు రాసిన మాటను మా ఓపీలో వారానికి రెండు మూడు సార్లైనా వింటాము. ఫంగస్ పుండు మీద స్టెరాయిడు పడితే పరిస్థితి ఇంకా దారుణంగా ఉంటుంది. ఇంత చెప్పిన తరువాత ఒక తిరకాసు కూడా చెప్పాలి. క్రిమి అదుపులోకి వచ్చాక మీ వైద్యులే ఏదో ఒక రోజు స్టెరాయిడు చుక్కలు రాయవచ్చు, అప్పుడు కంగారు పడకండి. మచ్చను తగ్గించే ఉద్దేశంతో కొందరు వాడతారు, కొందరు వాడరు. బాక్టీరియా పుండ్ల మీద దక్షిణ భారతంలో ఎక్కువ మంది రోగులతో జరిగి 2012లో వెలువడిన పెద్ద పరిశోధనలో, స్టెరాయిడు చేర్చినందువల్ల మూడు నెలల నాటి చూపులో మొత్తం మీద తేడా కనిపించలేదు. అది వైద్యులు దగ్గరుండి చూసుకుంటూ తీసుకునే నిర్ణయం.

కళ్లకలక అనుకోవడం సహజమే. 2023 వానాకాలంలో మన దగ్గర ఇంటింటా కళ్లకలక వచ్చినప్పుడు లెన్సుల పుండ్లు కూడా ఆ గుంపులో కలిసిపోయి ఆలస్యంగా మా దగ్గరికి చేరాయి. కళ్లకలకలో సాధారణంగా ఒక కంటితో మొదలై రెండో కంటికి పాకుతుంది, దురద, నీరు, పుసి ఉంటాయి, పుసి తుడిస్తే చూపు మామూలుగానే ఉంటుంది. పుండులో ఒక్క కన్నే నొప్పి పెడుతుంది, వెలుతురు చూడలేరు, ఎంత తుడిచినా చూపు మసకగానే ఉంటుంది. లెన్సు వాడేవారి కన్ను నొప్పితో ఎర్రబడితే, కాదని తేలేవరకు దాన్ని పుండుగానే భావించి, లెన్సు తీసేసి అదే రోజు కంటి వైద్యునికి చూపించాలి. మరునాటి దాకా ఆగే వ్యవధి ఉండదు.

అమీబా గురించి: మీ తమ్ముడు లెన్సును కుళాయి నీటితో కడిగాడని చెప్పారు కాబట్టే ఆ పరీక్ష. ఒకే పుండులో రెండు రకాల క్రిములు ఉండడం అరుదు కాదు. ల్యాబులో నమూనాను పెంచే పళ్లెంలో బాక్టీరియా రాత్రికి రాత్రే కనిపిస్తుంది. కుళాయి నీటిలోనూ ఉండగలిగే, ఈ పరీక్షలో వెతికే అకాంతమీబా అనే అమీబా అలా కాదు, ఏ పోషకాలూ లేని జెల్లీ మీద దానికి ఆహారంగా ఈ-కొలై బాక్టీరియాను పరిచి రోజుల తరబడి ఎదురుచూడాలి. లెన్సు డబ్బీ ఇంకా గదిలో ఉంటే, కడగకుండా, ఉన్నది ఉన్నట్లు మూతపెట్టి ల్యాబుకు ఇవ్వండి.

చూపు సంగతి మచ్చ ఎక్కడ ఉన్నదనే దాని మీద ఆధారపడుతుంది. పుండు మానినా అక్కడ పెద్దలు ‘పువ్వు వేసింది’ అని చెప్పే తెల్లమచ్చ మిగులుతుంది. అది కనుపాప ఎదుట పడితే చూపుకు అడ్డం, పక్కన పడితే అంతగా తెలియదు. అమ్మగారికి ఈ వారం చూపు గురించి కాకుండా పుండు అంచుల గురించి చెప్పండి. అంచులు మసకగా వ్యాపించి ఉండడం మానేసి స్పష్టంగా కనిపిస్తున్నాయంటే మందు పట్టుకున్నట్లు.

పన్నెండేళ్ల లెన్సు:

మీ తమ్ముడు త్వరగా కోలుకోవాలని కోరుకుంటున్నాను. అయితే లెన్సులంటే అందరూ భయపడేలా చర్చ సాగడం నాకు సమ్మతంగా లేదు. నేను పన్నెండేళ్లుగా వాడుతున్నాను. రాత్రి కూడా పెట్టుకోవచ్చని కంపెనీ రాసిన సిలికాన్ హైడ్రోజెల్ రకం లెన్సులతో వారానికి నాలుగు రోజులు నిద్రపోతాను, ఒక్కసారి కూడా కన్ను ఎర్రబడలేదు. తప్పు కుళాయి నీటిది, మందుల షాపుది. నిద్రను దీనిలోకి లాగనక్కరలేదు.

కార్నియా విభాగం వైద్యురాలు:

మీ పన్నెండేళ్ల అనుభవం నిజమే, కానీ అది ఎవరికీ హామీ కాదు. ఆస్ట్రేలియాలో దేశవ్యాప్తంగా లెక్కించి 2008లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, మెత్తటి లెన్సులను పగలు మాత్రమే వాడే 10,000 మందిలో ఏడాదికి సుమారు ఇద్దరికి ఇటువంటి పుండు వచ్చింది. రాత్రి కూడా వాడే 10,000 మందిలో సుమారు 20 మందికి వచ్చింది. అంటే, మీలాగా నిద్రపోయే వారిలో 9,980 మంది ఏడాది చివర మీరు రాసిన వాక్యాన్నే రాయగలరు. మిగిలిన 20 మంది మా దగ్గర ఉంటారు. సిలికాన్ హైడ్రోజెల్ వచ్చినప్పుడు, ప్రాణవాయువు ఎక్కువగా పోనిస్తుంది కాబట్టి నిద్రలో ప్రమాదం తగ్గుతుందని మేమంతా ఆశపడిన మాట వాస్తవం. ఆ లెక్కల్లో అది తగ్గలేదు. ఊపిరి ఆడకపోవడం ఒక్కటే కారణం కాదని, కదలని కన్నీటి కింద నిలిచిన క్రిమికి కూడా పెద్ద వాటా ఉందని అప్పుడు అర్థమైంది. రోజుకొక జత వాడి పారేసే రకంలో కూడా పుండ్లు రాకుండా పోలేదు, కానీ వచ్చినవి చూపును పోగొట్టేంత తీవ్రంగా మారడం తక్కువగా కనిపించింది. గట్టి లెన్సుల వారిలో మాత్రం మొదటి నుంచీ తక్కువే. మీ లెన్సులు మీ ఇష్టం, ఒక్క కన్ను నొప్పి పుట్టిన రోజు మాత్రం నిద్రలేమి అనుకొని ఊరుకోకండి.

గాజువాక నివాసి:

అక్కా, అమీబా పరీక్ష ఎందుకని అడిగారు. అది ఆలస్యమైతే ఏమవుతుందో నా కంటితో చెప్పగలను.

2016 నాటి మాట. నాకు 29 ఏళ్లు. లెన్సులతో ఒక్క రాత్రి కూడా నిద్రపోలేదు, సముద్రంలో దిగలేదు, ఆ విషయంలో నేను చాలా బుద్ధిమంతుణ్ని. నా పొరపాటు ఒక్కటే. డబ్బీని శుభ్రంగా ఉంచాలని, ప్రతి ఉదయం దాన్ని మా అపార్టుమెంటు కుళాయి నీటితో రుద్ది కడిగి, తడి ఉండగానే మూతపెట్టి వాష్‌బేసిన్ గట్టు మీద ఉంచేవాణ్ని. మా మేడమీది సిమెంటు తొట్టిని ఎప్పుడు కడిగారో అడిగే ఆలోచన నాకు ఎన్నడూ రాలేదు. ఆ తరువాత తెలిసింది, బ్రిటన్‌లో ఈ జబ్బు ఇతర దేశాలకన్నా ఎక్కువగా కనిపించడానికి చెప్పే కారణాల్లో ఒకటి అక్కడి ఇళ్ల పైకప్పుల కింద ఉండే నీటి తొట్లేనని. అకాంతమీబాకు కష్టకాలం వస్తే చుట్టూ రెండు గోడల గుల్ల కట్టుకొని ముడుచుకుంటుంది. ఆ గుల్లను కుళాయి నీటిలో కలిపే క్లోరిన్ ఏమీ చేయలేదు, ఎండబెట్టినా ఏళ్ల తరబడి బతికే ఉంటుంది. 1980ల మధ్యలో అమెరికాలో ఉప్పు బిళ్లలను నీటిలో కరిగించి ఇంట్లోనే లెన్సు ద్రావణం తయారుచేసుకున్న వారిలో ఈ జబ్బు గుంపుగా బయటపడిన తరువాతే, లెన్సులకూ దీనికీ ఉన్న సంబంధం అందరికీ తెలిసిందట.

నా కన్ను చూడడానికి పెద్దగా ఎర్రగా లేదు. నొప్పి మాత్రం కంట్లో కాదు, కంటి వెనక ఎముకను ఎవరో బరమాతో తొలుస్తున్నట్లు ఉండేది. రాత్రి రెండు గంటలకు లేచి చల్లటి గోడకు నుదురు ఆనించి నిలబడేవాణ్ని. పైకి ఇంతే కనిపిస్తోంది, ఇంత నొప్పి ఏమిటని ఇంట్లోవారు కూడా ఆశ్చర్యపోయేవారు. కనిపించే పుండుకు మించిన నొప్పి ఈ జబ్బు లక్షణమని, అమీబా కార్నియాలోని నరాల వెంట పాకుతుందని తరువాత చెప్పారు. మొదట చూపించిన చోట, పుండు కొమ్మలు వేసినట్లు ఉన్నది కాబట్టి హెర్పిస్ వైరస్ అనుకొని ఐదు వారాలు దానికి మందు వాడారు. వారిని నేను తప్పుపట్టను. మొదటి దశలో ఈ రెండూ అంత దగ్గరగా కనిపిస్తాయి, లెన్సు ఏ నీళ్లతో కడుగుతావని వారు అడగలేదు, నేనూ చెప్పలేదు. ఐదు వారాలయ్యాక నల్లగుడ్డు మీద ఉంగరంలాగా తెల్లటి వలయం ఏర్పడింది. అప్పుడు ఇంకొక చోట గీకి చూస్తే బయటపడింది.

మందు పీహెచ్‌ఎంబీ, 0.02 శాతం. ఈత కొలనులను శుభ్రపరచడానికి వాడే పదార్థమే, బాగా పలుచన చేసి ఆసుపత్రిలో తయారుచేసి ఇచ్చేవారు. మొదట గంటకొకసారి, తరువాత రెండు గంటలకు, అలా తగ్గిస్తూ పదకొండు నెలలు. పొర లోతున గుల్లకట్టుకున్నవి ఒకటి రెండు మిగిలినా మళ్లీ మొదటికి వస్తుంది కాబట్టి, బాగైనట్లు అనిపించినా ఆపనిచ్చేవారు కాదు. చివరికి పువ్వు మిగిలి, 2018లో నేత్రదానంగా వచ్చిన కార్నియాను 16 కుట్లతో అమర్చారు. ఇచ్చినవారు ఎవరో నాకు తెలియదు. మార్పిడి చేసిన కార్నియా ఉపరితలం ఎగుడుదిగుడుగా ఉండడం వల్ల మామూలు అద్దాలతో చూపు సరిగా ఆనక, విచిత్రంగా ఇప్పుడు ఆ కంటికి గట్టి కాంటాక్టు లెన్సునే వాడుతున్నాను. ఈసారి డబ్బీకి నీటి చుక్క తగలనివ్వను.

ఇంకొక మాట. నేను ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఆ వార్డులో లెన్సు వాడినవాణ్ని నేనొక్కణ్నే. నా పక్క మంచం మీద ఉన్న శ్రీకాకుళం జిల్లా రైతుకు వరి కోతలో ఆకు తగిలి ఫంగస్ పట్టింది. ఆయనకు నాటామైసిన్ వేసేవారు, సీసాను బాగా కుదిపి వేయాల్సిన తెల్లటి చిక్కటి మందు. మన వైపు ఇటువంటి పుండ్లు ఎక్కువగా పొలంలోనే పుడతాయని, అమీబా కూడా మన దేశంలో ఎక్కువగా లెన్సు చూడనివారికే మట్టి, మురికి నీటి వల్ల వస్తుందని అక్కడి డాక్టరు అన్నారు. అందువల్లనే కాబోలు, నా వంటివాణ్ని చూస్తే వెంటనే లెన్సు గుర్తుకు రాలేదు. మీరు చేరినచోట అడగకుండానే అమీబా కోసం చూస్తున్నారంటే, అది మంచి చోటనే నాకు అనిపిస్తోంది.

డాబాగార్డెన్స్ కళ్లద్దాల దుకాణం:

అమ్మా, నేను 22 ఏళ్లుగా అద్దాలు, లెన్సులు అమ్ముతున్నాను కాబట్టి మా వైపు తప్పులు కూడా చెప్పుకోవాలి. లెన్సు అమ్మే రోజు పెట్టుకోవడం, తీయడం నేర్పిస్తాము, డబ్బీ గురించి చెప్పడం చాలామంది మరిచిపోతారు. నిన్న వాడిన ద్రావణం పారబోయకుండా పైన నాలుగు చుక్కలు కలిపి సరిపెట్టేవారిని రోజూ చూస్తాను. సీసా 400 రూపాయలనుకుంటే రోజుకు పది రూపాయలు మిగులుతాయని లెక్క. పాత ద్రావణంలో మందు అప్పటికే ఖర్చయిపోయి ఉంటుంది, కొత్తది దానిలో కలిస్తే అదీ పలుచబడుతుంది. 2006లో సింగపూరు, హాంకాంగులలో బయటపడి అమెరికాలో కూడా ఫ్యుసేరియం అనే ఫంగస్ పుండ్లు గుంపులుగా వచ్చినప్పుడు, పేరున్న ఒక ద్రావణాన్ని ఆ ఏడాది మే నెలలో ప్రపంచమంతటా వెనక్కి తీసుకున్నారు. ఆ రోజుల్లో మా దుకాణంలో ప్రతివారూ ‘ఇది అదేనా’ అని అడిగి కొనేవారు. అప్పుడు కూడా ఆ ద్రావణంలోని లోపానికి తోడు, పాతదాని మీద కొత్తది పోసే అలవాటు దాన్ని పెంచిందని తేలింది.

కుళాయి నీళ్లు వద్దంటే, సరేనని క్యాన్ నీళ్లతో కడిగేవారు ఉన్నారు. తాగడానికి పనికొచ్చే నీళ్లు కంటికి పనికిరావు. క్యాన్ అయినా, కాచి చల్లార్చినదైనా, నీళ్లు నీళ్లే. లెన్సు జారిపడితే నోట్లో పెట్టుకొని తడి చేసి మళ్లీ కంట్లో పెట్టుకున్న కుర్రవాణ్ని మా దుకాణం మెట్ల మీదే చూశాను. పెళ్లి ముస్తాబులో రంగు లెన్సులు ఇంకొక బెడద. ఒకే జతను ముస్తాబు చేసేవారు ఒక పెళ్లికూతురి తరువాత ఇంకొకరికి పెడుతున్నారు. పవరు లేనిదే కదా అని ఎవరూ కంటి కొలత చూపించుకోరు.

నేను చెప్పే పద్ధతి ఇది. చేతులు సబ్బుతో కడిగి, పొడిబట్టతో పూర్తిగా తుడుచుకున్న తరువాతే లెన్సు ముట్టుకోవాలి. తీసిన లెన్సును అరచేతిలో ద్రావణంతో వేలితో రుద్దాలి, సీసామీద రుద్దనక్కరలేదని రాసి ఉన్నా సరే. పొద్దున డబ్బీని ఖాళీ చేసి, ద్రావణంతోనే కడిగి, శుభ్రమైన కాగితంతో తుడిచి, మూతలు తీసి బోర్లా ఆరబెట్టాలి. బాత్రూములో మాత్రం ఉంచకూడదు. మూడు నెలలకు డబ్బీ మార్చేయాలి. సముద్రానికి పోతే అద్దాలు, లేదా పారేసే రకం పెట్టుకొని, బయటికి రాగానే తీసి పారేయడం. మీ తమ్ముడి సంగతి వేరు, ఇప్పుడు ఆయన ఏ లెన్సూ ముట్టకూడదు.

ఈ చర్చ చదివే ఇతరుల కోసం కూడా ఒక ముక్క. మన ఊళ్లో పుండును గీకి పరీక్షించే ఏర్పాటు ఉన్నచోటికి నేరుగా వెళ్లడం మంచిది. హనుమంతవాక దగ్గర ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉన్నది, ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉన్నది. అద్దాల దుకాణానికి వచ్చి ‘ఏ చుక్కలు వేయమంటారు’ అని అడగవద్దు.

సీతమ్మధార అక్క:

ఇంత ఓపికగా రాసిన అందరికీ కృతజ్ఞతలు. ఆరు రోజుల తరువాత పరిస్థితి తెలియజేస్తున్నాను.

వైద్యురాలు గారు చెప్పినట్లు మందుల షాపు సీసాను చూపించాము. దానిలో డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడు ఉన్నదని అక్కడి డాక్టరు పేరు మీద వేలుపెట్టి చూపించారు. గదికి వెళ్లి లెన్సు డబ్బీ కూడా తెచ్చాను. అద్దం ముందు పళ్లకుంచెల పక్కన ఉంది. ఎడమ, కుడి అని గుర్తుపట్టే అక్షరాలు ఎప్పుడో చెరిగిపోయాయి. అడుగున చూస్తే ఏమీ కనిపించలేదు, తెల్లగానే ఉంది. వెలుతురుకు ఎదురుగా వంచితే మాత్రం, బియ్యం కడిగిన గిన్నెను ఆరనిచ్చినప్పుడు మిగిలే పొరలాంటిది అంచుల చుట్టూ మెరిసింది. దానిలోనూ సూడోమోనాస్ పెరిగిందని నిన్న ల్యాబు నుంచి చెప్పారు. అమీబా పళ్లెంలో ఇంతవరకు ఏమీ కనిపించలేదు, ఇంకొక నాలుగు రోజులు చూస్తామన్నారు.

పుండు అంచులు తేరుకున్నాయట. చుక్కలు గంట నుంచి మూడు గంటలకు మార్చారు. చేరిన రోజు ఆ కంటితో ఎదురుగా పెట్టిన వేళ్లు మాత్రమే లెక్కపెట్టగలిగాడు, ఈ రోజు పట్టికలో మూడో వరుస దాకా చదివాడు. మచ్చ కనుపాపకు కొంచెం పక్కగా ఉన్నదని, పూర్తిగా పక్కకు మాత్రం లేదని అన్నారు. వచ్చే వారం ఇంటికి పంపవచ్చు. మేనత్త వచ్చి చూసి ఏమీ మాట్లాడకుండా అరటిపళ్లు పెట్టి వెళ్లింది.

దుకాణం వారికి ఒక ప్రశ్న. వాడి పాత అద్దాలు రెండేళ్ల క్రితంవి. ఇంటికి వచ్చిన వెంటనే కొత్తవి చేయించాలా, కొన్నాళ్లు ఆగాలా?

డాబాగార్డెన్స్ కళ్లద్దాల దుకాణం:

ఇప్పుడే చేయించవద్దమ్మా. పుండు మానే దశలో కార్నియా వంపు వారం వారం మారుతూ ఉంటుంది, ఈ రోజు చూసిన పవరు వచ్చే నెలకు పనికిరాదు. ఎడమ కన్ను బాగానే ఉంది కాబట్టి పాత అద్దాలతోనే నడుపుకోమనండి. సుమారు మూడు నెలలకు, మచ్చ స్థిరపడిందని డాక్టరు చెప్పాక పవరు చీటీ రాయించుకోండి. పాత ఫ్రేము విరగకపోతే దానికే అద్దాలు మార్చవచ్చు, పల్చటి రకం వేస్తే సోడాబుడ్డిలా కనిపించవు.